తిండి, కండ, మందు: క్యాన్సర్ కండక్షీణతపై మూలికా చర్చ – తెలుగు వైద్యరచనా భాష పరిశీలన

తెలుగు సహాయాచార్యులు, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్

వ్యాససంగ్రహం:

క్యాన్సర్ రోగుల్లో కండ తరిగిపోయే స్థితికి మూలికల్లోని సమ్మేళనాలు చికిత్స కాగలవా అన్న ప్రశ్నపై కొన్ని దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. ఆ పరిశోధన పత్రికల ఆరోగ్యపుటలు, గృహవైద్య పుస్తకాలు, ప్రచార వ్యాసాల ద్వారా తెలుగు పాఠకుడిని చేరేటప్పుడు దాని అర్థం ఏయే చోట్ల మారుతోందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరిభాష, క్రియారూపాలు, ప్రాచీన వైద్యగ్రంథాల వినియోగం అనే మూడు కోణాల నుంచి పరిశీలన సాగుతుంది. ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాజీవితాన్ని ఇందుకు ఒక కొలమానంగా స్వీకరించడం జరిగింది. ‘మూలిక’కూ ‘మందు’కూ మధ్య ఉన్న దూరాన్ని చెప్పగల సాధనాలు తెలుగులో ఉన్నాయని, వైద్యరచన వాటిని వాడుకోవడం లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కండక్షీణత, రాజయక్ష్మ, సమ్మేళనం, మిశ్రమం, రసాయనం, వైద్యరచన, ఎల్లాప్రగడ సుబ్బారావు.

1. ప్రవేశిక:

వైద్యవిషయక రచనను తెలుగు విమర్శ తన పరిధిలోకి తీసుకున్న సందర్భాలు తక్కువ. కవిత్వానికీ కథకూ నవలకూ విమర్శకులున్నారు, ఆరోగ్యవ్యాసానికి లేరు. అయితే ఒక కవితను అపార్థం చేసుకున్న పాఠకుడికి కలిగే నష్టం వేరు, ఒక ఆరోగ్యవ్యాసాన్ని అపార్థం చేసుకున్న రోగికి కలిగే నష్టం వేరు. రెండో రకం రచనలో ఒక ప్రత్యయం మారితే ఒక ఇంటి నిర్ణయం మారుతుంది. కనుక ఈ రచనను పరిశీలించే బాధ్యత వైద్యులతోపాటు భాషాసాహిత్య విద్యార్థులకూ ఉంది.

ఈ చర్చకు సీతాఫల్‌మండి పరిసరాలు తగిన నేపథ్యం. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, హబ్సిగూడలో కణ, అణుజీవశాస్త్ర కేంద్రం, జామై ఉస్మానియాలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. వీటిలో చివరిది 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మొక్కల్లోని పదార్థాలు, కణంలోని మార్పులు, మనిషి తినే తిండి అనే మూడింటినీ శాస్త్రీయంగా పరిశీలించే సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న చోటు దేశంలో అరుదు. వాటి చుట్టూ నివసించేవారు చదివే తెలుగులో మాత్రం ఆ పరిశీలనాపద్ధతి జాడ తక్కువగా కనిపిస్తుంది.

ఈ వ్యాసం ఏ ఒక్క రచయితనో, పత్రికనో తప్పుపట్టడానికి ఉద్దేశించింది కాదు. ఉదాహరణలుగా ఇచ్చిన వాక్యాలు ఈ రకం రచనల్లోని ధోరణిని చూపడానికి కూర్చుకున్న నమూనాలు మాత్రమే.

2. స్థిరమైన పేరు లేని స్థితి:

క్యాన్సర్ రోగి చిక్కిపోవడం అందరికీ తెలిసిన విషయమే. కానీ అది ఒక ప్రత్యేక వైద్యస్థితి అన్నది అందరికీ తెలియదు. 2011లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న నిర్వచనంలో మూడు అంశాలు ఉన్నాయి: అస్థికండరాల ద్రవ్యరాశి క్రమంగా తగ్గుతూ ఉండటం, మామూలు పోషకాహారంతో దానిని పూర్తిగా వెనక్కి తేలేకపోవడం, దానివల్ల శరీర కార్యశక్తి సన్నగిల్లడం. గత ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గడం, అప్పటికే సన్నగా ఉన్నవారిలోనూ కండ తక్కువగా ఉన్నవారిలోనూ 2 శాతానికి మించి తగ్గడం దీనికి కొలతలు. పూర్వదశ, ప్రధానదశ, చికిత్సకు లొంగని దశ అని మూడు దశలనూ వారు గుర్తించారు.

గ్రీకుభాషలో ‘చెడు’, ‘స్థితి’ అనే రెండు మాటల కలయికతో ఏర్పడిన ‘కాకెక్సియా’ అన్నది దీని అంతర్జాతీయ నామం. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ‘క్షయ’ అన్నది అర్థరీత్యా సరిపోయేదే కాని, అది ఊపిరితిత్తుల అంటువ్యాధికి రూఢి అయిపోయింది. ‘కృశత్వం’ అంటే సన్నబడటం మాత్రమే. కండ తగ్గిందో కొవ్వు తగ్గిందో ఆ మాట చెప్పదు. స్థూలకాయుడైన రోగిలో కూడా కండ లోలోపల తరిగిపోవచ్చు కనుక ‘కృశత్వం’ అతన్ని వదిలేస్తుంది. ‘కండరక్షీణత’ను వంశపారంపర్య కండరవ్యాధులకు వాడుతున్నారు. వ్యవహారంలోని ‘కండ కరిగిపోవడం’ చక్కని మాటే. కానీ ‘కొవ్వు కరిగించడం’ అనే ప్రకటనల భాష ‘కరుగు’ ధాతువుకు ఒక శుభార్థాన్ని అంటగట్టింది. ఈ పరిమితులను దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసంలో ‘క్యాన్సర్ కండక్షీణత’ అన్న పదబంధాన్ని వాడుతున్నాను.

పేరు లేకపోవడం చిన్న లోపం కాదు. పేరులేని స్థితి వ్యాధిగా గుర్తింపు పొందదు. రోగి స్వభావంగానో ఇంటివారి అశ్రద్ధగానో గుర్తింపు పొందుతుంది. ‘తినడం లేదు, అందుకే ఇలా అయిపోయాడు’ అన్న మాటలో రోగిపై నింద ఉంది. ‘సరిగా పెట్టడం లేదు’ అన్న మాటలో వండిపెట్టే స్త్రీపై నింద ఉంది. ఈ రెండు నిందలకూ వైద్యశాస్త్రంలో ఆధారం లేదు.

3. తిండి–కండ సమీకరణం:

తిండికీ కండకూ, కండకూ మనిషితనానికీ ముడివేసిన ఆలోచనకు ఆధునిక తెలుగు సాహిత్యంలో గురజాడ అప్పారావు ‘దేశభక్తి’ గేయం సుప్రసిద్ధమైన ఉదాహరణ. కరువుకాటకాలు చూసిన సమాజంలో ఆ మాట అక్షరసత్యం. ఆకలివల్ల చిక్కిన మనిషికి అన్నం పెడితే కోలుకుంటాడు. ‘నాలుగు ముద్దలు తింటే నాలుగు రోజుల్లో లేస్తాడు’ అన్న ఇంటిమాట వెనుక ఈ అనుభవమే ఉంది.

క్యాన్సర్ కండక్షీణత ఈ సమీకరణాన్ని భగ్నం చేస్తుంది. ఆకలిలో శరీరం మొదట కొవ్వును ఖర్చుపెట్టి, కండను వీలైనంత కాపాడుకుంటుంది. ఈ స్థితిలో ఆ కాపుదల సడలిపోతుంది. కణితి, దానికి స్పందించే రోగనిరోధక వ్యవస్థ విడుదలచేసే కణసంకేత పదార్థాలు కండరకణంలోకి తప్పుడు ఆజ్ఞలు పంపుతాయి. వాటిలో ఒకదానికి కండక్షీణత పేరునుంచే ‘కాకెక్టిన్’ అన్న పేరు వచ్చింది. అది, అప్పటికే తెలిసిన కణితినాశక కారకం ఒకటేనని 1985లో తేలింది. ఇంటర్‌ల్యూకిన్-6 మరొకటి. ఈ ఆజ్ఞలవల్ల పాత ప్రోటీన్లను గుర్తుపెట్టి ముక్కలుచేసే కణాంతర్గత యంత్రాంగం అతిగా పనిచేస్తుంది. కొత్త ప్రోటీన్ల తయారీ మందగిస్తుంది. అంటే పోసే నీళ్లు తగ్గడమే కాదు, కుండకు చిల్లు కూడా పడింది. ఎక్కువ పోసినంత మాత్రాన చిల్లు పూడదు.

‘బలానికి ఫలానా గింజలు, ఫలానా వేరు’ అని చెప్పే ఆరోగ్యవ్యాసాలు తెలిసో తెలియకో పాత సమీకరణం మీదనే నిలబడి ఉన్నాయి. మూలికను అవి ‘శక్తిమంతమైన తిండి’గా భావిస్తాయి. పరిశోధకులు మూలికల వైపు చూడటానికి కారణం పూర్తిగా వేరు. వారు వెతుకుతున్నది బలాన్నిచ్చే పదార్థాన్ని కాదు. తప్పుడు ఆజ్ఞను అడ్డుకునే అణువును.

4. చరకుని అధ్యాయం – దానికి మన పఠనం:

మూలికావైద్యాన్ని సమర్థించే రచనలు తరచు ‘మన ప్రాచీనులు ఎప్పుడో చెప్పారు’ అన్న వాక్యంతో మొదలవుతాయి. వారేమి చెప్పారో చూడటం అవసరం. చరకసంహిత చికిత్సాస్థానంలో ఎనిమిదవ అధ్యాయం రాజయక్ష్మకు సంబంధించింది. దక్షుని అల్లుడైన చంద్రుడు రోహిణిపట్ల పక్షపాతంతో మామ శాపానికి గురై క్షీణించిన పురాణగాథతో ఆ అధ్యాయం ఆరంభమవుతుంది. శక్తికి మించిన సాహసం, సహజవేగాలను ఆపుకోవడం, ధాతుక్షయం, విషమాశనం అని నాలుగు కారణాలను చరకుడు చెప్పాడు. సూత్రస్థానం ఇరవైఒకటో అధ్యాయంలో అతికృశుని గురించి వేరుగా చర్చించాడు. సన్నగా ఉండటం వేరు, వ్యాధివల్ల ధాతువులు హరించుకుపోవడం వేరు అన్న విచక్షణ ఆ గ్రంథంలో ఉంది. నేటి మన వైద్యరచనలో లోపించింది ఈ విచక్షణే.

మరొక ముఖ్యాంశం ఉంది. రాజయక్ష్మ చికిత్సలో చరకుడు మూలికలతోపాటు మాంసానికి, మాంసరసాలకు పెద్దపీట వేశాడు. రోగికి ఏవగింపు కలిగించే జంతువుల మాంసాన్ని వేరే పేరుతో వడ్డించమనే సూచన కూడా అక్కడ కనిపిస్తుంది. మేకపాలు, నెయ్యి, మద్యం కూడా ఆ చికిత్సలో భాగాలే. ‘ఆకులు, వేర్లతో కూడిన సాత్త్విక వైద్యం’ అని నేడు ప్రచారంలో ఉన్న చిత్రం ఆ అధ్యాయంతో పొసగదు. ప్రాచీనగ్రంథాన్ని ప్రమాణంగా చూపేవారు దానిని సమగ్రంగా చూపడం లేదు; తమకు అనుకూలమైన మేరకు కత్తిరించి చూపుతున్నారు. ఇది గ్రంథపరిష్కరణ తెలిసిన తెలుగు పరిశోధకులు వెంటనే గుర్తించగల దోషం.

చరకుని రాజయక్ష్మను నేటి క్యాన్సర్ కండక్షీణతతో సమానం చేయడం కూడా సరికాదు. ఆ వర్ణనలో అనేక వ్యాధుల లక్షణాలు కలిసి ఉన్నాయి. పోలిక పరిశోధనకు దారి చూపవచ్చు, రుజువుగా నిలవదు.

5. సమ్మేళనమా, మిశ్రమమా?

‘సమ్మేళనం’ అనగానే సాహిత్య విద్యార్థికి కవిసమ్మేళనం గుర్తుకొస్తుంది. విజ్ఞానశాస్త్ర విద్యార్థికి నిర్దిష్టమైన అణునిర్మాణం గల పదార్థం గుర్తుకొస్తుంది. మూలకం, సమ్మేళనం, మిశ్రమం అన్న విభజన పాఠశాల స్థాయిలోనే తెలుగులో నేర్పుతున్నాం. కషాయం, చూర్ణం, లేహ్యం మిశ్రమాలు. పరిశోధన జరిగేది చాలావరకు సమ్మేళనాలపై. వ్యాసంలోని మొదటి వాక్యం సమ్మేళనం గురించి చెప్పి, చివరి వాక్యం మిశ్రమాన్ని తాగమంటే ఆ రెంటి మధ్య తర్కం తెగిపోయినట్టే.

పసుపును తీసుకుందాం. దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్ల పేర్లతో తెలుగువారికి పసుపు ఇంటిపంట. గాయాలు మాన్పే గుణంపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలుచేసి 1997లో రద్దు చేయించింది. సంప్రదాయ జ్ఞానానికి అది గౌరవప్రదమైన విజయం. కానీ ఆ విజయం పేటెంటుకు కావలసిన కొత్తదనం లేదన్న అంశం మీద వచ్చింది. పసుపు ఏ వ్యాధిని నయం చేస్తుందన్న అంశం మీద కాదు.

పసుపులోని కుర్కుమిన్ కండను కరిగించే సంకేతమార్గాలను అడ్డుకోగలదని కణాలపై, ఎలుకలపై చేసిన ప్రయోగాలు సూచించాయి. అయితే పసుపుపొడిలో కుర్కుమిన్ సుమారు 3 శాతం. ఒక గ్రాము కుర్కుమిన్ కావాలంటే ముప్పై గ్రాములకు పైగా పసుపు కావాలి. అది కూరలో వేసే చిటికెడు కాదు. లోపలికి వెళ్లిన కుర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాలలోని పైపెరిన్‌ను తోడుచేస్తే మనుషుల్లో ఆ లభ్యత 2000 శాతం పెరిగిందని బెంగళూరు పరిశోధకులు 1998లో చూపారు. పసుపు, మిరియాల పాలకు శాస్త్రం ముద్రవేసిందని దీనిని ఉదాహరిస్తారు. పైపెరిన్ చేసే పని శరీరం విజాతీయ పదార్థాలను విరిచి బయటకు పంపే ప్రక్రియను మందగింపజేయడం. ఆ ప్రక్రియ మందగిస్తే కుర్కుమిన్‌తోపాటు రోగి వాడుతున్న ఇతర మందులు కూడా రక్తంలో ఎక్కువసేపు నిలవవచ్చు. కీమోథెరపీలో మోతాదును శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి లెక్కగట్టి ఇస్తారు. ఆ లెక్కను గుట్టుగా మార్చే శక్తి గలదానిని ‘వంటింటి చిట్కా’ అనడం భాషాపరమైన అజాగ్రత్త. కండక్షీణత రోగులకు కుర్కుమిన్ ఇచ్చి థాయిలాండులో కొద్దిమందిపై పరీక్షలు జరిగాయి. వాటి ఫలితాలు ఒకే దిశలో లేవు.

పెన్నేరుగడ్డ అని మనం పిలిచే అశ్వగంధది మరో ఉదాహరణ. అందులోని విథాఫెరిన్-ఎ అండాశయ క్యాన్సర్ గల ఎలుకల్లో కండరాల పట్టును మెరుగుపరిచి, శోథను తగ్గించినట్టు అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. మానుపసుపు వంటి మొక్కల్లో ఉండే బెర్బెరిన్ ఎలుకల్లో ఇంటర్‌ల్యూకిన్-6ను తగ్గించినట్టు జపాన్ పరిశోధకులు చూపారు. ఇవి ఆశాజనకమైన ఆరంభాలు. పెన్నేరుగడ్డ పొడి తిన్న మనిషికి కండ వస్తుందని మాత్రం ఇవి చెప్పడం లేదు.

‘రసాయనం’ అన్న మాట ఈ గందరగోళాన్ని మరింత పెంచుతోంది. ఆయుర్వేదంలో రసాయనమంటే ధాతుపుష్టినిచ్చి వార్ధక్యాన్ని దూరంచేసేది. ఆధునిక తెలుగులో రసాయనమంటే కర్మాగారంలో తయారైన, అనుమానించదగిన పదార్థం. ఒకే ప్రకటన ‘రసాయనాలు లేనిది’ అని గర్వపడుతూ, తన సరుకును ‘ఉత్తమ రసాయనం’ అని పొగుడుకోగలదు. కుర్కుమిన్, విథాఫెరిన్, బెర్బెరిన్‌లు మూడూ రెండో అర్థంలోనూ రసాయనాలే. మొక్క చేసిన అణువు, ప్రయోగశాల చేసిన అదే అణువు శరీరానికి ఒకటే.

6. క్రియాపదం చేసే పని:

వైద్యరచనలో అసలు బరువు నామవాచకాల మీద కాక క్రియల మీద ఉంటుంది. మూడు రూపాలను పరిశీలిద్దాం.

మొదటిది ‘-తుంది’. ‘విథాఫెరిన్-ఎ కండ తరుగుదలను ఆపుతుంది’ అన్న వాక్యం తెలుగులో నిత్యసత్యంగానూ భవిష్యత్తుకు హామీగానూ ధ్వనిస్తుంది. ‘సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు’, ‘రేపు వాన కురుస్తుంది’ అన్న రెండు రకాల వాక్యాలకూ మనకు ఒకటే రూపం. కాగా పరిశోధనపత్రం చెప్పేది గతంలో, ఒకచోట, ఒక జీవిలో జరిగిన సంఘటనను. ‘ఎలుకల్లో ఆపింది’ అని భూతకాలంలో చెబితే అధికరణంగా ఎలుక వాక్యంలో నిలుస్తుంది. ‘ఆపుతుంది’ అనగానే ఎలుక జారిపోతుంది.

రెండవది ‘-వచ్చు’. ఇది సంభావననూ, సామర్థ్యాన్నీ, అనుమతినీ తెలిపే ప్రత్యయం. ‘ఈ మొక్క క్షీణతను తగ్గించవచ్చు’ అన్నది సంభావన: తగ్గిస్తుందేమో. ‘ఈ మొక్కతో క్షీణతను తగ్గించవచ్చు’ అన్నది సామర్థ్యం: తగ్గించడం సాధ్యమే. తేడా ఒక్క ‘తో’ ప్రత్యయం. ఆ తర్వాతి వాక్యం ‘రోజూ ఉదయం తీసుకోవచ్చు’ అని అనుమతిగా మారుతుంది. పరిశోధకుడి సందేహం మూడు వాక్యాల్లో రచయిత అనుమతి అయిపోతుంది. ప్రత్యయం మారలేదు కనుక పాఠకుడు ఈ జారుడును గమనించలేడు.

మూడవది ‘-ట’. తాను చూడని, ఇతరులు చెప్పగా విన్న విషయాన్ని తెలుగువాడు ‘తగ్గుతుందట’ అంటాడు. ఎదుటివాడి మాటకు తాను పూచీ పడటం లేదని ఒక్క అక్షరంతో చెప్పగల సాధనం ఇది. అరుగు మీద మాట్లాడుకునేటప్పుడు ఇంత జాగ్రత్తగా ఉండే భాష అచ్చులోకి వచ్చేసరికి ‘ట’ను గ్రామ్యమని వదిలేస్తుంది, దాని స్థానంలో ‘శాస్త్రవేత్తలు తేల్చారు’ అన్న పడికట్టు వాక్యాన్ని ప్రవేశపెడుతుంది. ‘తేల్చు’ అంటే వివాదం ముగించడం. ప్రాథమిక ప్రయోగాలు దేనినీ తేల్చవు. ‘గమనించారు’, ‘సూచించారు’, ‘పరీక్షించారు’, ‘నిర్ధారించారు’, ‘తేల్చారు’ అన్నవి తీవ్రతలో వేర్వేరు మెట్లు. వైద్యరచయితకు ఈ నిచ్చెన తెలిసి ఉండాలి.

7. ఆకు నుంచి మందు దాకా – ఎల్లాప్రగడ సుబ్బారావు:

సంప్రదాయ వైద్యంతో పరిచయం, కండరం, చిక్కిపోయే వ్యాధి, క్యాన్సర్ మందు అనే నాలుగూ ఒకే తెలుగు మనిషి జీవితంలో కలిశాయి. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరిని స్ప్రూ వ్యాధికి కోల్పోయాడు. తిన్నది ఒంటబట్టక మనిషి చిక్కి శల్యమయ్యే వ్యాధి అది. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించాడు. 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో శక్తినిల్వగా పనిచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వెలికితీశాడు. ‘సత్తువ’ అని మనం పిలిచేదానికి రసాయనికమైన ఆధారం చూపినవారిలో ఆయన ఒకరు.

1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసి 1945లో సంశ్లేషించింది. 1941లో పాలకూర ఆకులనుంచి గ్రహించిన పదార్థానికి లాటిన్‌లో ‘ఆకు’ అనే అర్థమిచ్చే మాటతో పెట్టిన పేరు అది. స్ప్రూ రోగులకు అది ఎంతో మేలుచేసింది. ఇంతవరకు ఇది మన ఆరోగ్యవ్యాసాలకు నచ్చే కథ: ఆకులో బలం ఉంది, ఆ బలం రోగిని లేపింది.

తరువాతి అధ్యాయం ఆ కథను తలకిందులు చేస్తుంది. రక్తక్యాన్సర్ గల పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చినప్పుడు వ్యాధి వేగం పెరిగినట్టు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించాడు. మంచి కణానికి బలమిచ్చేది చెడ్డ కణానికీ బలమిచ్చింది. అప్పుడు కావలసివచ్చింది ఆ ఆకుపదార్థాన్ని పోలి ఉండి దాని పనిని చెడగొట్టే ప్రతిరూపం. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 1947 చివర పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో పదహారుమందిలో పదిమందికి తాత్కాలికంగా వ్యాధి నెమ్మదించింది. దాని వారసత్వంలో వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. 1948 ఆగస్టులో సుబ్బారావు మరణించాడు.

ఈ చరిత్రను తెలుగులో తరచు జాతిగర్వం కోసం చెప్పుకుంటున్నాం. అందులోని పద్ధతిని చెప్పుకోవడం లేదు. పదార్థాన్ని వేరుచేయడం, నిర్మాణం తెలుసుకోవడం, మోతాదు నిర్ణయించడం, రోగులపై పరీక్షించడం, అనుకున్నదానికి విరుద్ధమైన ఫలితం వస్తే దానినే దారిగా చేసుకోవడం – ఇదీ ఆ పద్ధతి. ‘బలమైనది రోగికి మంచిదే కదా’ అన్న మాటకు ఫోలిక్ ఆమ్లం ఉదంతమే సమాధానం. బిళ్ళగన్నేరు కథ కూడా ఇలాంటిదే. ఆ మొక్కనుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ రక్తక్యాన్సర్ చికిత్సలో గొప్ప మందు. నరాలను దెబ్బతీసి కండరాలను బలహీనపరచగలదు కూడా. మిల్లీగ్రాముల్లో, సిరలోకి, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే ఆ మందును పెరట్లోని ఆకు నమలడంతో సమానం చేయలేం.

8. ‘హానిలేనిది’ అన్న వాదం:

ఈ చర్చలో చివరికి మిగిలేది ‘పోనీ, హాని లేదు కదా’ అన్న వాదం. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కొవిడ్ మందు కోసం జనం పోటెత్తినప్పుడు ఈ వాదమే బలంగా వినిపించింది. హాని చేయకపోవడం, పనిచేయడం రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి వచ్చిన జవాబుగా సమాజం స్వీకరించింది.

సీతాఫలం కుటుంబమే ఇందుకు మంచి ఉదాహరణ. ఈ ఫలం పేరు మోస్తున్న సీతాఫల్‌మండిలోనే కాదు, తెలుగునాట అంతటా దాని చుట్టమైన లక్ష్మణఫలం క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న ప్రచారం చరవాణుల్లో తిరుగుతోంది. ప్రయోగశాల గాజుపాత్రలో క్యాన్సర్ కణాలను చంపిన పదార్థాలు ఆ జాతిలో ఉన్న మాట నిజం. అదే ఫలాన్నీ దాని ఆకుల కషాయాన్నీ ఎక్కువగా వాడే గ్వాడలూప్ దీవిలో పార్కిన్సన్స్‌ను పోలిన, మామూలు మందులకు లొంగని నరాలవ్యాధికీ ఆ వాడకానికీ సంబంధం ఉండవచ్చునని 1999లో పరిశోధకులు హెచ్చరించారు. కణాన్ని చంపగల అణువు ఏ కణాన్ని చంపాలో తనంతట తాను ఎంచుకోదు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను 2021లో ముంబై వైద్యులు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ వారి నిర్ధారణతో విభేదించింది. ఆ వివాదం ఎటు తేలినా, అప్పటికే కాలేయంపై కీమోథెరపీ భారం ఉన్న రోగి విషయంలో ‘హానిలేనిది’ అని తేలికగా రాసే అధికారం రచయితకు లేదు. క్యాన్సర్‌ను నయం చేస్తామన్న ప్రకటనలను 1954 నాటి ఔషధ, ఇంద్రజాల చికిత్సల చట్టం నిషేధించింది. ప్రకటనకు వర్తించే ఆ నియంత్రణ వ్యాసం రూపంలో వచ్చే ప్రచారానికి ఆచరణలో అందడం లేదు.

ఒక వైపు వాదం కూడా న్యాయంగా చెప్పుకోవాలి. రోగులు మూలికల వైపు వెళ్లడానికి మూఢత్వం ఒక్కటే కారణం కాదు. కండక్షీణతకు ఆధునిక వైద్యం దగ్గర కూడా సంపూర్ణమైన సమాధానం లేదు. జపాన్ 2021లో అనుమతించిన అనమోరెలిన్ కొవ్వులేని దేహభారాన్ని పెంచింది కాని, పెద్ద పరీక్షల్లో చేతిపట్టును పెంచలేకపోయింది. కండ వచ్చినా బలం రాలేదు. పుదుచ్చేరి జిప్‌మర్ వైద్యులు ఒలాంజపిన్ అనే పాత మానసికవ్యాధి మందును 2.5 మిల్లీగ్రాముల చిన్న మోతాదులో పన్నెండు వారాలు ఇచ్చి 2023లో ఫలితాలు ప్రకటించారు. 124 మందిని యాదృచ్ఛికంగా రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మందు, మరో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 5 శాతానికి మించి బరువు పెరిగినవారు మందు జట్టులో 60 శాతం, రెండో జట్టులో 9 శాతం. ఈ పరీక్షను ఇక్కడ ప్రస్తావించడం మందుకు ప్రచారం కోసం కాదు. మన పొరుగున, చవక మాత్రతో, స్పష్టమైన పోలికతో జరిగిన ఈ పరీక్ష ఏ మూలికకైనా నమూనా కాగలదు. పెన్నేరుగడ్డను గౌరవించడమంటే దానిని ఇదే పరీక్షకు నిలబెట్టడం. పరీక్షనుంచి మినహాయించడం కాదు.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. క్యాన్సర్ కండక్షీణతకు తెలుగులో స్థిరమైన పేరు లేకపోవడంవల్ల అది వ్యాధిగా కాక, తిండి లోపంగా అర్థమవుతోంది. పరిభాషానిర్మాణంలో తెలుగుశాఖలు వైద్యులతో కలిసి పనిచేయవలసిన అవసరం ఉంది.

2. పరిశోధన సమ్మేళనంపై జరిగితే ఫలితాన్ని సమ్మేళనానికే చెప్పాలి. మిశ్రమానికి బదలాయించడం తర్కదోషం.

3. ఏ జీవిపై, ఎందరిపై, ఏ మోతాదులో అన్న మూడు సమాచారాలు లేని ఆరోగ్యవాక్యం అసంపూర్ణ వాక్యం.

4. ప్రాథమిక ఫలితాలను భూతకాలంలో, అధికరణంతో సహా చెప్పాలి. ‘-వచ్చు’ ఏ అర్థంలో వాడుతున్నామో స్పష్టం చేయాలి.

5. ప్రాచీన వైద్యగ్రంథాలను ఉదాహరించేవారు సందర్భాన్ని పూర్తిగా ఇవ్వాలి.

తెలుగులో ‘మందు’ అన్న మాటకు ఉన్నన్ని అర్థాలు మరే వైద్యపదానికీ లేవు. రోగం తగ్గించేది మందు, పురుగులను చంపేది మందు, మత్తెక్కించేది మందు, తుపాకిలో కూరేదీ మందే. మేలుచేయగల ప్రతిదానికీ కీడుచేయగల శక్తి కూడా ఉంటుందన్న ఎరుక ఈ ఒక్క మాటలో ఉంది. ‘మూలిక’ అన్న మాటకు ఆ ఎరుక లేదు; దాని చుట్టూ పవిత్రత మాత్రమే పేరుకుంది. మూలికను మందు అని పిలవదలచినవారు ఆ మాటతోపాటు వచ్చే మోతాదు, పరీక్ష, ప్రమాదం అన్న బాధ్యతలను కూడా స్వీకరించాలి. ఆ బాధ్యతను వాక్యంలో చూపించగలిగిన రోజున ఆరోగ్యవ్యాసం తెలుగులో ఒక గౌరవనీయమైన రచనాప్రక్రియగా నిలుస్తుంది.